ఒక్కసారే కొట్టాను

జనవరి 13, 1989, శుక్రవారం. ఇబ్రా

ఇది నిరుటి డైరీ. సిమెంటు లారీవాళ్లు ఇనాయత్ భాయ్‌కి ఇచ్చారు. ఆయనకు తెలుగు రాయడం రాదు, నాకిచ్చాడు. వారాల పేర్లు కలవడం లేదు, కొట్టేసి నేనే దిద్దుకుంటున్నాను. ఒమాన్ వచ్చి మూడేళ్లయింది, ఎన్నడూ డైరీ రాయబుద్ధి కాలేదు. ఇప్పుడు కడుపు మండి రాస్తున్నాను. క్యాంపులో ఎవరికి చెప్పినా నవ్వుతున్నారు, అందుకని ఇక నోటితో చెప్పదలచుకోలేదు.

జరిగింది జరిగినట్టు రాస్తాను. మొన్న మంగళవారం అమెరికా మేడం ఇంటికి డ్యూటీకి వెళ్లాను. మేం కడుతున్న స్కూలుకు కొలతలు చూసే పెద్ద ఇంజనీరు భార్య ఆమె. ఏడాదిగా ప్రతి మంగళవారం కంపెనీ నన్ను ఆ ఇంటికి పంపుతోంది. తోటపని, రంగులు, ఏది చెబితే అది చేస్తాను. ఆ రోజు హాలు గోడకు రంగు వేయాలి, అల్మారా మీది సామాను దించమంది. అన్నిటికంటే పైన ఆ జాడీ ఉంది. బూడిద రంగు, రెండు చెవులు, పొట్ట మీద నీలం పిట్ట. మన తొక్కు జాడీలాంటిదే, కాస్త లావు. మేడం ముత్తవ్వకు ముత్తవ్వ అందులో ఉప్పేసిన కూరగాయలు దాచేదట. నూటయాభై ఏళ్ల నాటిది.

దించి బల్ల మీద పెట్టాను. కుమ్మరి పుట్టుక పుట్టాక, కుండ కనబడితే వేలి కణుపుతో కొట్టి చూడకుండా ఉంటామా? ఒక్కసారి కొట్టాను, మెల్లగా. బొంగురుగా పలికింది. చిట్లిన కుండ అలాగే పలుకుతుంది, సంతలో కొనేవాళ్లకు కూడా తెలుసు ఆ సంగతి. ఇంత పాత సామాను, చెబితే మంచిదే కదా అని "మేడం, బ్రోకెన్" అన్నాను. మంచికి పోయాను. ఆమె పరుగెత్తుకొచ్చి "యూ బ్రోక్ ఇట్?" అంది. "యస్ మేడం" అన్నాను.

ఎందుకన్నానంటే, నాకొచ్చిన ఇంగ్లీషు అదే. ఆ ఇంటికి పంపిన మొదటి రోజు మా ఫోర్‌మన్ సురేందర్ "ఏమడిగినా యస్ మేడం అను నర్సయ్యా, గంతే. ఎక్కువ మాట్లాడకు" అని నేర్పాడు. చాయ్ తాగుతావా అంటే యస్ మేడం. ఎండగా ఉందా అంటే యస్ మేడం. పగలగొట్టావా అంటే కూడా నోటికి అదే వచ్చింది.

ఆమె జాడీని రెండు చెవులు పట్టుకుని ఎత్తింది. అడుగు ఊడి నేల మీద పడి నాలుగు ముక్కలైంది. ఆమె చేతిలో ఉన్నప్పుడే కదా పడింది! నా చేతిలో కాదు. ఈ మాట ఎవరూ పట్టించుకోరేం?

జనవరి 14

మళ్లీ ఆలోచించాను. ఒక్కసారే కొట్టాను.

జనవరి 17, మంగళవారం

ఇవాళ ఆ ఇంటికి నన్ను పంపలేదు. సైట్‌లో పొద్దంతా సిమెంటు బ్లాకులు మోశాను.

ఆ ఇల్లే గుర్తొస్తోంది. అక్కడ గోడల నిండా వింత సామాను ఉంటుంది. చిల్లులు పొడిచిన రేకు లాంతరు, మొద్దును తొలిచి చేసిన చెక్క గిన్నె, వెన్న చిలికే పొడుగు తొట్టి. ఇక పాత గుడ్డముక్కలు కలిపి కుట్టిన బొంతనైతే ఏకంగా గోడకు వేలాడదీసింది! మా అవ్వ కుట్టిన బొంతను అలా గోడకేస్తే ఊరు ఊరంతా వచ్చి నవ్విపోయేది. ఒకసారి ఇనాయత్ భాయ్ తోడుగా ఉన్నప్పుడు ఇదంతా ఎందుకు దాచారని అడిగించాను. ఇనాయత్ భాయ్ హైదరాబాద్ ఆయన, కంపెనీ డ్రైవరు, ఇంగ్లీషూ అరబీ రెండూ వచ్చు. "ఇవన్నీ మామూలు మనుషులు చేసినయంట. పేర్లు ఎవరికీ తెల్వదు, చేతులు కనబడ్తయి అంటున్నది" అని చెప్పాడు.

అప్పుడు ఆమె జాడీ చెవి కింద ఒక గుంట చూపింది. చేసినవాడు చెవిని అతికించి బొటనవేలితో నొక్కిన గుర్తు అది. నన్ను వేలు పెట్టి చూడమంది. పెట్టాను, సరిగ్గా పట్టింది. నూటయాభై ఏళ్ల కింద ఏ దేశంలోనో కూర్చున్న కుమ్మరి వేలు, నా వేలు ఒకటే కొలత.

ఇంకోటి కూడా చెప్పింది. కుండలు కాల్చే ఆవం మంట బాగా ఎక్కినప్పుడు అందులో గుప్పెళ్లకొద్దీ ఉప్పు చల్లేవారట. మెరుపు కోసమట. నాకు నవ్వాగలేదు. ఉప్పుతో మెరుపేంటి? దిష్టి తీశారు, అంతే. మా ఊళ్లో ఆవం ముట్టించాక మా అమ్మ కూడా ఉప్పూ మిరపకాయలూ తిప్పి మంటలో వేసేది. అన్ని తరాలు గడిచేసరికి వీళ్లు అసలు సంగతి మరిచిపోయి మెరుపంటున్నారు. "ఇనాయత్ భాయ్, గది దిష్టికని మేడమ్‌కు చెప్పు" అంటే, "నక్కో భాయ్, మేరీ నౌక్రీ జాతీ" అని, తన నౌకరీ పోతుందని నోరు మూసుకున్నాడు.

జనవరి 20, శుక్రవారం

సురేందర్ టైపు చేసిన కాగితం పట్టుకుని మా రూమ్‌కు వచ్చాడు. మా పక్కూరి వాడే, నాకంటే ఆరేళ్లు చిన్న. మాఫీనామా అట. ఇంజనీరు సారు కంపెనీకి ఫిర్యాదు చేశాడట. చేయి జారి పగిలింది, క్షమించండి అని అందులో ఉందట.

"సంతకం పెట్టు, అయిపోతది" అన్నాడు.

"చెయ్యి జారలే. నేను పలుగగొట్టలే."

"నువ్వే యస్ మేడం అన్నవు గదనే!"

"నువ్వు నేర్పిన యస్ మేడమే గది!"

పడుకున్నవాళ్లు కూడా లేచి కూర్చుని నవ్వారు. సురేందర్‌కు కోపమొచ్చింది. "పెట్టకపోతే కంపెనీ వీసా క్యాన్సిల్ కొట్టి ఇంటికి పంపుతది. సారువాళ్లు మార్చి ఆఖరుకు అమెరికా పోతున్నరు. గంతవరకు ఏదో చెప్పి ఆపుత. అటెన్క నా చేతుల లేదు" అని కాగితం నా మంచం మీద పడేసి పోయాడు.

పెట్టను. చచ్చినా పెట్టను. కుమ్మరి నర్సయ్య కుండ పగలగొట్టాడని కాగితం మీద రాయించుకుని ఊరికి పోవాలా? సైట్‌లో బ్లాకు పగలగొట్టావంటే ఒప్పుకుంటాను, పది పగలగొట్టాను. జాడీ సంగతి వేరు. నేను వేలి కణుపుతోనే కొట్టాను. రంగు గీకే ఇనుప బద్ద చేతిలో ఉంది గానీ దాంతో కొట్టలేదు.

జనవరి 22

కాంక్రీటు పోస్తుంటే తట్టింది. జాడీ చేస్తాను. రెండు చెవులతో, పిట్టతో, అచ్చం అలాంటిదే చేసి మేడం ముందు పెడతాను. కుండ చేసే చెయ్యి కుండ పగలగొట్టదని ఆమే అనుకోవాలి. ఆమె నోటితో "నర్సయ్య పగలగొట్టలేదు" అనిపించకపోతే నా పేరు నర్సయ్య కాదు.

కుండలు చేసే సారె ముట్టుకుని ఆరేళ్లయింది. ఊళ్లోకి ప్లాస్టిక్ బిందెలు, స్టీలు బిందెలు వచ్చాక మా సారెను గోడకు ఆనించేశాను. నా భార్య దేవవ్వ, రాయి పట్టుకుని కుండలు తట్టిన చేతులతో ఇప్పుడు బీడీలు చుడుతోంది.

జనవరి 27, శుక్రవారం

ఇనాయత్ భాయ్ గ్యారేజీ నుంచి సారె కోసం పాత లారీ చక్రం దిమ్మె, బేరింగుతో సహా తెచ్చాడు. దాని మీద రేకు చుట్టి కాంక్రీటు పోశాను. క్యాంపు వెనక నీళ్ల ట్యాంకు పక్కన పాతాను. అంచున ఒక గుంట పెట్టి, కర్ర గుచ్చి తిప్పితే మొదట పిల్లిలా అరిచింది. గ్రీజు పెట్టాక తిరగడం మొదలైంది.

ఇనాయత్ భాయ్ నడుం మీద చేతులు పెట్టుకుని చూశాడు. "అరే నర్సయ్యా, ఇంత పరేషాన్ అయ్యే బదులు సంతకం పెడ్తే ఏం పోతది నీది?"

"నా పేరు పోతది భాయ్."

"క్యాంపుల నీ పేరు ఇప్పటికే యస్ మేడం అయింది, తెలుసా?" అన్నాడు. తెలుసు. మెస్‌లో వంటవాడు కూడా అన్నం పెడుతూ అలాగే పిలుస్తున్నాడు. పిలవనీ.

జనవరి 29

ఇంటికి ఉత్తరం రాశాను. జాడీ సంగతి అంతా దేవవ్వకు తెలిసేలా రాశాను. ఒక్కసారి కొట్టానని, ముందే చిట్లి ఉందని కూడా రాశాను.

ఫిబ్రవరి 3, శుక్రవారం

ఊరి పక్కన ఎండిన వాగు ఉంది, ఇక్కడివాళ్లు వాదీ అంటారు. వాన నీళ్లు నిలిచి ఎండిన చోట మెత్తటి మట్టి దొరికింది. రెండు రోజులు నానబెట్టి తొక్కాను. ఇవాళ సారె మీద పెట్టాను.

చేతులు మాట వినలేదు. మూడేళ్లు సిమెంటు తిన్న చేతులు, చర్మం తోలులా అయింది. మట్టి పైకి లేస్తోందో పక్కకు పోతోందో వేళ్లకు తెలియడం లేదు. మూడుసార్లు కూలిపోయింది. నాలుగోసారి నోటికొచ్చిన బూతులన్నీ తిట్టి, కళ్లు మూసుకుని పట్టాను. అప్పుడు లేచింది. చిన్న గురిగి, జానెడు కూడా లేదు. దాన్ని చూసి ఏడ్చాను. సబ్బు కళ్లలో పడిందని చెప్పాను పక్కవాడికి. అక్కడ సబ్బు ఎక్కడుంది!

సాయంత్రానికి ఆరు గురుగులు చేశాను.

ఫిబ్రవరి 10, శుక్రవారం

విరిగిన షట్టరింగు చెక్కలు, ఖర్జూరపు మట్టలు, మేకల పెంట పోగేసి గురుగులు కాల్చాను. ఎర్రగా వచ్చాయి. అందరికీ చూపించాను. సురేందర్ కూడా ఒకటి చేతిలో పట్టుకుని "మంచిగున్నదే" అన్నాడు. నాకు ఒళ్లంతా గర్వమే.

ఫిబ్రవరి 13

ఆరు గురుగులూ పోయాయి. మట్టిలో బియ్యపు గింజలంత సున్నపు రాళ్లు ఉన్నాయి. కాలాక గాలి తేమకు ఉబ్బి, పెచ్చులు పెచ్చులుగా ఎగిరిపోయాయి. సున్నపు మట్టి ముట్టొద్దని ఐదేళ్ల వయసులో మా బాపు చెప్పాడు. ఆరేళ్లలో ఆ మాట కూడా మరిచిపోయాను. నాకు కుమ్మరినని చెప్పుకునే అర్హత ఉందా?

ఉంది. వేరే మట్టి తెస్తాను.

ఫిబ్రవరి 17, శుక్రవారం

ఇనాయత్ భాయ్ పైపులు దింపడానికి నిజ్వా వైపు వెళ్తుంటే వెంట వెళ్లాను. అక్కడి నుంచి కాస్త ముందుకు పోతే బహ్లా. అక్కడ కుమ్మరులున్నారని మేస్త్రీ చెప్పాడు. నిజంగానే ఉన్నారు! నేను బండి దిగకముందే వాసన పట్టాను. తడి మట్టి, పొగ. మా వాడకట్టులోకి వచ్చినట్టయింది.

ఒక ముసలాయన కాలితో సారె తన్నుతూ నీళ్ల కుండ చేస్తున్నాడు. వీళ్లు దాన్ని జహ్లా అంటారు, తాళ్లతో నీడన వేలాడదీస్తే నీళ్లు చల్లబడతాయి. మన రంజన్ లాంటిదే. నేను చేతులు చూపించి, నేనూ కుమ్మరినేనని సైగ చేశాను. ఆయన లేచి నాకు చోటిచ్చాడు. నాకు కాలితో తన్నడం రాక చక్రం వెనక్కి తిరిగింది. ఇద్దరం నవ్వుకున్నాం.

కాలిన కుండ ఒకటి తెచ్చి నా ముందు వేలితో కొట్టాడు. టంగుమంది. నేనూ కొట్టాను, ఇంకోసారి కొట్టాను. ఆయన కుండను లాక్కున్నాడు. "మర్రా వహ్దా, బస్!" అన్నాడు.

"ఒక్కసారి చాలంట" అన్నాడు ఇనాయత్ భాయ్. "మంచిగున్న కుండను మల్ల మల్ల అడిగితే నారాజ్ అయితదంట."

రెండు సంచుల మట్టి ఉట్టినే ఇచ్చాడు. మంచి మనిషి. కానీ ఆ మాట నాకెందుకు చెప్పాలి? నేను ఒక్కసారే కదా కొట్టేది.

ఫిబ్రవరి 19

ఇవాళ రాయడానికేమీ లేదు. ముసలాయన మాట ఊరికే చెవిలో తిరుగుతోంది.

ఫిబ్రవరి 24, శుక్రవారం

రెండు జాడీలు లేపాను. బహ్లా మట్టి బంగారం. మాట వింటుంది. మన కుండలకు చెవులుండవు కాబట్టి చెవి అతికించడం చేతకాక మూడుసార్లు ఊడింది. చివరికి జిగురు మట్టి పూసి బొటనవేలితో గట్టిగా నొక్కాను. గుంట పడింది. అలాగే వదిలేశాను.

ఒక జాడీ మీద నీలిమందుతో పిట్టను వేశాను. బట్టలకు పెట్టే నీలిమందే, వేరే నీలం నాకెక్కడిది? మేడం జాడీ మీద ఉన్నది ఏ పిట్టో నాకు తెలియదు. నేను వేసింది మాత్రం మన పాలపిట్ట.

మార్చి 3, శుక్రవారం

ఒక జాడీ కాల్చాను. రెండోది ఇంకా పచ్చిగానే ఉంది, గుడ్డ కప్పి దాచాను.

మంట ఎక్కాక ఉప్పూ మిరపకాయలూ మూడుసార్లు తిప్పి లోపల వేశాను. అమెరికావాళ్ల పద్ధతి, మా అమ్మ పద్ధతి రెండూ అయ్యాయి. ఘాటు క్యాంపంతా కమ్మింది. ఇనాయత్ భాయ్ దగ్గి దగ్గి కింద కూర్చున్నాడు. "అరే బాప్ రే, జాడీ కాలుస్తున్నవా, మమ్మల్ని కాలుస్తున్నవా!" అన్నాడు. ఘాటు వచ్చిందంటే దిష్టి తగల్లేదన్న మాట, నాకు ధైర్యమొచ్చింది.

సాయంత్రం బూడిద తీసి చూస్తే పిట్ట లేదు. నీలిమందు మొత్తం మంటకు పోయింది. జాడీ నున్నగా, ఎర్రగా, ఖాళీగా ఉంది. సురేందర్ చుట్టూ తిరిగి చూసి, "పిట్ట ఎగిరిపాయెనా యస్ మేడం?" అన్నాడు. అందరూ నవ్వారు. నాకూ నవ్వొచ్చింది, ఏం చేయను.

ఒకటి మాత్రం తేలింది. అంత ఉప్పు వేసినా మెరుపు ఇసుమంత రాలేదు. ఉప్పు దిష్టికేనని నేనన్నది నిజమే.

రెండో జాడీ మీద పిట్టను మేకుతో గీస్తాను. అప్పుడెలా ఎగురుతుందో చూస్తాను.

మార్చి 5

ఇంటి నుంచి ఉత్తరం వచ్చింది. మా బిడ్డ నవీన రాసింది. ఇక్కడ అతికిస్తున్నాను.

"బాపూ, అమ్మ చెప్తుంటే రాస్తున్న. అందరం మంచిగున్నం. అమ్మ అడుగుతున్నది, ఆ జాడీ ముందుగాల ఎట్ల పలికింది? మంచిగ పలికిందా? మంచిగ పలికితే మీరు ఊకుండరు. పెండ్లయిన కొత్తల సంతకు తీస్కపోయిన పెద్ద రంజన్ యాదికున్నదా? మోత మంచిగున్నదని నలుగుర్ని పిలిచి కొట్టి కొట్టి వినిపిస్తిరి. ఇంటికి తెచ్చేసరికి నెర్రె పడ్డది. ఒక్కసారి కొట్టి ఊకునే చెయ్యి కాదు మీది అంటున్నది అమ్మ. నవ్వుకుంటనే చెప్తున్నది బాపూ, కోపం చెయ్యకుండ్రి."

మార్చి 6

దేవవ్వకేం తెలుసు? ఆమె అక్కడుందా, చూసిందా?

మార్చి 7

ఒక్కసారే

మార్చి 9

నిన్న డ్యూటీ అయ్యాక ట్యాంకు పక్కన కూర్చుని, పిట్ట లేని జాడీని ముందు పెట్టుకున్నాను. వేలితో కొట్టాను. టంగు. బాగుంది. చెయ్యి దానంతటదే మళ్లీ లేచింది. మళ్లీ కొట్టాను. మూడోసారి కొట్టబోతూ నా చేతిని నేనే చూశాను. అక్కడ ఆగిపోయాను.

రాస్తాను. ఎవరూ చదవరు కదా, రాస్తాను.

ఆ మంగళవారం మేడం జాడీని మొదటిసారి వేలి కణుపుతో కొట్టాను. బొంగురు కాదు. ఖంగుమంది. మన కుండ ఎంత బాగా కాలినా అలా పలకదు. కంచు చెంబు పలికినట్టు పలికి, ఆగకుండా చాలాసేపు లోపల తిరిగింది. జన్మలో అలాంటి మోత వినలేదు. నా తండ్రి వినలేదు, తాత వినలేదు. మట్టికి అలాంటి గొంతుంటుందని మాకెవరికీ తెలియదు. చెవి దగ్గర పెట్టుకుని రెండోసారి కొట్టాను. ఇంకా బాగా వినాలనిపించింది. చేతిలో రంగు గీకే ఇనుప బద్ద ఉంది. మూడోసారి దాని పిడితో కొట్టాను. మెల్లగా అనుకున్నాను, మెల్లగా కాదు. సగం పలికి గొంతు బొంగురుపోయింది.

అప్పుడు పిలిచాను మేడమ్‌ను. "బ్రోకెన్" అన్నాను. ఆమె నువ్వు పగలగొట్టావా అని అడిగితే యస్ మేడం అన్నాను. రెండు నెలలుగా ఆ యస్ మేడం ఒక్కటే అబద్ధమని అందరితో పోట్లాడుతున్నాను. ఆ రోజు నేనన్న మాటల్లో అదొక్కటే నిజం.

సిగ్గుగా ఉంది. కుమ్మరివాడిని అయ్యుండి. ఈ జాడీ ఆమెకు ఎందుకు చేస్తున్నానో ఇప్పుడు నాకే తెలియడం లేదు. అయినా చేస్తాను. చేసి, ఇదంతా ఆమె ముఖం చూసి చెబుతాను. క్యాన్సిల్ కొడితే కొట్టనీ.

మార్చి 10, శుక్రవారం

మేకుతో పిట్టను గీశాను. రెక్కలు విప్పిన పాలపిట్ట. తోక కాస్త పొట్టి అయింది.

మార్చి 17, శుక్రవారం

కాలింది. పిట్ట ఉంది. ఎక్కడా నెర్రె లేదు. ఒక్కసారి కొట్టి చూశాను, చెయ్యి వెనక్కి తీసి తొడ కింద పెట్టుకుని కూర్చున్నాను.

మార్చి 19

సురేందర్ ముందు మాఫీనామా పరిచాను. అతని ముఖం వెలిగింది. పెన్ను ఇచ్చాడు. చేయి జారి పగిలింది అన్న ముక్క ఎక్కడుందో చూపించమన్నాను. చూపించాడు. దాన్ని అడ్డంగా కొట్టేశాను. కింద తెలుగులో రాశాను: "చేయి జారలేదు. మోత బాగుందని మూడుసార్లు కొట్టాను, మూడోసారి ఇనుప పిడితో. పగిలింది. తప్పు నాది. కుమ్మరి నర్సయ్య."

సురేందర్ చదివి తల పట్టుకున్నాడు. "ఏందే గిది! చెయ్యి జారిందంటే అందరు పోనీ అంటుండె గదా! కావాలని కొట్టిన అని నువ్వే రాస్తివి. ఇంజనీరు సారు ఊకుంటడా?"

"ఊకోకుంటే ఊకోకపోనీ. జారింది అంటే అబద్ధమైతది."

"గిన్ని దినాలు కొట్టలే కొట్టలే అని నా పానం తిన్నవు గదనే!"

"గది గూడ అబద్ధమే సురేందర్."

అతను నా చేతిలోంచి పెన్ను తీసుకున్నాడు. తర్వాత కాగితం మడిచి నా జేబులోనే పెట్టాడు. "నువ్వే తీస్కపోయి ఇయ్యి. ఎల్లుండి నీకు ఆ ఇంటికి డ్యూటీ రాస్త" అన్నాడు. యస్ మేడం అనలేదు, నర్సన్నా అన్నాడు.

మార్చి 21, మంగళవారం

వెళ్లి వచ్చాను. స్నానం కూడా చేయకుండా ముందు ఇది రాస్తున్నాను.

ఇంట్లో అట్టపెట్టెలే ఎటు చూసినా. లాంతరు, గిన్నె, బొంత అన్నీ కాగితాల్లో చుట్టి ఉన్నాయి. సారు సైట్‌కు పోయాడు. మేడం నన్ను చూసి ఆగిపోయింది, లోపలికి రమ్మంది. ఇనాయత్ భాయ్ నా వెనకే ఉన్నాడు. నేర్చుకున్న ఇంగ్లీషు దారంతా వల్లె వేసుకుంటూ వచ్చాను, ఒకేసారి చెప్పేశాను. "ఐ బ్రోక్, మేడం. త్రీ టైమ్స్ ఐ హిట్."

ఆమె ఎందుకు అని అడిగింది. అది నా ఇంగ్లీషుకు అందదు. ఇనాయత్ భాయ్‌తో చెప్పించాను. మోత వినాలని కొట్టాను, విన్నకొద్దీ వినాలనిపించింది అని. కాగితం ఇచ్చాను. తెలుగు అక్షరాలను వేలితో తడిమింది. ఇనాయత్ భాయ్ నన్ను చదవమని, విని, ముక్క ముక్కా చెప్పాడు.

ఆమె కాగితాన్ని బల్ల మీద పరిచింది. తర్వాత, ఎలా పలికింది అని అడిగింది. నేను నోటితో చేసి చూపాను. "ఖంగ్..." అని, ఊపిరి ఉన్నంతసేపు లాగాను. ఇనాయత్ భాయ్ నవ్వబోయి ఆమె కళ్లు చూసి ఊరుకున్నాడు.

"ఏమంటున్నదో తెలుసా నర్సయ్యా?" అన్నాడు. "నేను పుట్టినప్పటి నుంచి గా జాడీ మా ఇంట్ల ఉన్నది, ఎవ్వరు కొట్టి చూడలే. నేను గూడ కొట్టలే. దాని గొంతు నాకు తెల్వనే తెల్వదు. విన్నోడు నువ్వొక్కడివే అంటున్నది."

నాకు ఏడుపొచ్చింది. ఈసారి సబ్బు అని చెప్పలేదు.

ఆమె నా కాగితం మడిచి, జాడీ ముక్కలున్న పెట్టెలో పెట్టింది. అది కూడా ఆ జాడీదేనట. సారుకు తనే చెబుతుందట, నన్ను ఎక్కడికీ పంపొద్దని.

అప్పుడు నేను తెచ్చిన మూట విప్పాను. ఎర్రటి జాడీ, రెండు చెవులు, పొట్టి తోక పాలపిట్ట. ఆమె చుట్టూ తిప్పి చూసింది. చెవి కింద గుంట కనిపెట్టింది. తన బొటనవేలు అందులో పెట్టి నా వైపు చూసింది. ఆమె వేలు చిన్నది, సగం గుంట ఖాళీగా మిగిలింది. ఆమె నవ్వింది.

జాడీని బల్ల మీద పెట్టి, వేలు మడిచి, నేర్పమన్నట్టు నన్ను చూసింది. కణుపు చూపించాను. కొట్టింది. టంగుమంది. మేడం జాడీ గొంతు కాదు, మన మట్టి గొంతే, కానీ నిండుగా, ఎక్కడా బొంగురు లేకుండా పలికింది. ఆమె ముఖం చిన్నపిల్ల ముఖంలా అయింది. చెవి దగ్గరికి తెచ్చుకుంది. వేలు మళ్లీ లేచింది.

నేను రెండు చేతులూ జాడీ చుట్టూ అడ్డం పెట్టాను.

"నో మేడం" అన్నాను.